తల తుంచిన సొరతీగ

కొండవాలులో రెండు బండల మధ్య ఒక కుందేళ్ళ కాపురం ఉండేది. ఇల్లాలు అచ్చమ్మ, మగడు గంగులు, పిల్లలు నలుగురు. ఆ నలుగురికీ నిద్ర లేచినప్పటి నుంచీ ఆకలే. కొండ కింద రైతు పొలంలో తినడానికి కావలసినంత ఉంది. కానీ పొలానికి పోయే దారిలో ఒక పొద ఉంది, ఆ పొదలో ఒక నక్క ఉంది. అచ్చమ్మ అక్క ఆ దారినే పోయింది. మళ్ళీ రాలేదు.

అచ్చమ్మ కొన్నాళ్ళు ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని మగడిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇంక ఆ దారి తొక్కొద్దు. కూరగాయలేవో మన గుమ్మంలోనే పెంచుకుందాం."

గంగులు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "పెంచుకోవడమా? మన వంశంలో ఆ పని ఎవరు చేశారే? మనవాళ్ళకి వచ్చిందల్లా తినడమే."

"తినడం ఎవరు నేర్పారు? ఆకలి. పెంచడం కూడా అదే నేర్పుతుంది, లే."

గంగులు గొణుక్కుంటూనే లేచాడు. గొణుగుడు సంగతి పక్కన పెడితే తవ్వడంలో అతన్ని మించినవాడు ఆ కొండ మీద లేడు. పొద్దెక్కేసరికి గుమ్మం ముందు మట్టి అంతా గుల్లయింది. మొగుడూ పెళ్ళాం ముళ్ళకంపలు నోట కరుచుకుని ఈడ్చుకొచ్చి చుట్టూ కంచె వేశారు. ఇద్దరి మూతులూ గీరుకుపోయాయి. అయినా అచ్చమ్మ ఆ కంచెను చూసి ఇల్లు కట్టుకున్నంత సంబరపడింది.

ఆ వాలులోనే ఒక ముసలి ఎద్దు మేస్తూ ఉండేది. నాగలి నుంచి తప్పుకున్న ఎద్దు, దానికి తొందర అంటే ఏమిటో తెలియదు. కంచె దగ్గరికి వచ్చి నిలబడి, నోట్లో గడ్డి పూర్తిగా నమిలాక అడిగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కూరపాదులు పెడుతున్నా తాతా. విత్తనాలే లేవు."

"రైతు పెరట్లో ముదురు సొరకాయ ఒకటి నిన్ననే మింగాను. గింజలు నా పేడలో ఉంటాయి, చూసుకో. ఎరువు కూడా దాంతోనే వస్తుంది."

అచ్చమ్మ సిగ్గుపడలేదు, ముక్కు మూసుకోలేదు. ఒక్కో గింజా ఏరి, కడిగి, పాతిపెట్టింది. ఎద్దు ఇంకోనాడు ఎండిన చిక్కుడు తీగ ఒకటి, తోటకూర వెన్ను ఒకటి తెచ్చి పడేసింది. వాటి గింజలు కూడా చల్లారు.

విత్తగానే కాపు కాస్తుందనుకుంటే మాత్రం పొరపాటు. పిల్లలు నలుగురూ పొద్దున్నే లేచి గింజ మొలిచిందో లేదో చూడటానికి మట్టి తవ్వేవాళ్ళు. చూసి, మళ్ళీ పూడ్చేవాళ్ళు. పాపం, ఆ చిక్కుడుగింజలకి మొలవడానికి తీరిక దొరకలేదు. అచ్చమ్మ నలుగురినీ చెవులు పట్టి వరసగా నిలబెట్టింది.

"నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు నిన్నిలాగే రోజూ బయటికి తీసి చూశానా?" అని పెద్దవాణ్ణి అడిగింది. ఆ మాట పనిచేసింది.

తోటకూర మాత్రం పచ్చగా, ముచ్చటగా లేచింది. దానికి కాపలా గంగులు. ఒకనాటి మధ్యాహ్నం అచ్చమ్మ వచ్చి చూస్తే మడిలో మొండి కాడలు, వాటి మధ్య గంగులు. నోరు ఇంకా ఆడుతోంది.

"దొంగలెవరైనా వస్తారేమోనని ఒక ఆకు రుచి చూశానే," అన్నాడు తల వంచుకుని. "తర్వాత నాకు తెలియలేదు."

అచ్చమ్మ తిట్టలేదు. కుందేలుని తోటకూరకి కాపలా పెట్టడం తన తప్పేనని ఒప్పుకుంది. చివరికి ఎలాగో మొలిచిన చిక్కుడుకి పేనుబంక పట్టింది. ఇలా ఒక్కొక్కటే పోతుంటే నేనైతే కంచెకి ఒక తన్ను తన్ని వెళ్ళిపోయేవాణ్ణి. అచ్చమ్మ మాత్రం పొద్దున్నే లేచి, బుగ్గల నిండా నీళ్ళు పట్టుకొచ్చి మిగిలిన సొరపాదుకి పోస్తూనే ఉంది.

సొరతీగ ఆ రుణం ఉంచుకోలేదు. పక్కనే వాలి ఉన్న ఎండుకొమ్మ పట్టుకుని పైకి పాకింది, అక్కడి నుంచి కంచె దాటి కొసలు బయటికి వేలాడేసింది. ఇంత ఆకు, ఇన్ని తెల్లపూలు. కానీ పిందె లేదు. అన్నీ పోతుపూలే, సాయంత్రం పూసి మర్నాటికి రాలిపోయేవే.

ఈలోగా ఎండలు ముదిరాయి. కొండ మీద గడ్డి పసుపుపచ్చగా మారింది. పిల్లల డొక్కలు లోపలికి పోయాయి.

గంగులు ఒకనాడు నెమ్మదిగా అన్నాడు. "ఇంక చాల్లే. రేపు నేను పొలానికి పోతాను. నక్క ఉంటే ఉంటుంది."

అచ్చమ్మ అతనికి అడ్డంగా నిలబడింది. "రేపు వద్దు. కొంచెం ఆగు," అంది. ఎన్నాళ్ళు ఆగాలో ఆమెకీ తెలియదు.

వెంటనే ఎద్దు దగ్గరికి పరుగెత్తింది. "తాతా, రైతు భార్య సొరతీగ బాగా ఎదగగానే కొస తుంచేసేది. నేను గట్టు చాటు నుంచి చూశాను. ఆ తర్వాత పక్కకొమ్మలు లేచి, వాటికి కాయలు కాసేవి. మా తీగ కొసలు కంచె బయట, ఎత్తులో ఉన్నాయి. నాకు అందవు. నువ్వు కాస్త తుంచిపెడతావా?"

ఎద్దు తల అడ్డంగా ఊపింది. "అబద్ధం ఎందుకమ్మా. నేను పచ్చటి తీగకి నోరు పెడితే కొసతో ఆగను. మొదలుదాకా వస్తాను. నా సంగతి నాకు తెలుసు."

అచ్చమ్మ తిరిగి వస్తూ ఆలోచించింది. పొడుగ్గా ఉండాలి. పళ్ళు పదునుగా ఉండాలి. ఆకు రుచి అసలు తెలియకూడదు. కంచె కింది సందులోంచి లోపలికి దూరి వెనక్కి చూసేసరికి బయట నక్క కూర్చుని ఉంది. దారిలో కుందేలు కనబడక దానికి పస్తులు మొదలయ్యాయి మరి.

"అమ్మాయ్, ఈ మట్టిపని మీకెందుకు?" అంది నక్క, తేనె పూసినట్టు. "పొలంలో ముల్లంగి ఎంత బాగా దిగిందో. మీరు రావడం మానేశారు, నాకు దిగులుగా ఉంది."

అచ్చమ్మ లోపలి నుంచే పెద్ద నిట్టూర్పు విడిచింది. "వచ్చేవాళ్ళమే మామా. ఈ తీగ ఒక్కటి ఉంది గనక ఆగాం. ఇది పోతే ఇంక మాకు పొలమే గతి."

"దానికేం, దుక్కలా ఉంది."

"చూడటానికి అలా ఉంది. ప్రాణమంతా ఆ కొసల్లో ఉంది. అవి కంచె బయట వేలాడుతున్నాయి, ఎవరు కొరికేస్తారోనని నాకు తిండి సయించడం లేదు. నువ్వు పెద్దవాడివి, కాస్త కనిపెట్టి ఉండు మామా."

గంగులు పక్కనే ఉండి ఇదంతా విన్నాడు. అతనికి అచ్చమ్మ అసలు సంగతి చెప్పలేదు. అబద్ధమాడితే అతని చెవులు వణుకుతాయి, అందుకని. ఇంటి గుట్టంతా నక్క చేతిలో పెట్టిందని అతను నిజంగానే భోరుమన్నాడు. ఆ ఏడుపు చూశాక నక్కకి ఇంక అనుమానం మిగల్లేదు.

"అయ్యో, నేనుండగా భయమేంటి? మీరు లోపలికి పోయి పడుకోండి," అంది.

వాళ్ళు లోపలికి పోగానే నక్క వెనక్కాళ్ళ మీద లేచి ఒక కొస కొరికింది. నూగు నాలుకకి తగిలి, థూ అని ఉమ్మింది. ఇంకో కొస కొరికింది, ఉమ్మింది. ఒక్క ఆకు గొంతు దిగలేదు. ఒక్క కొస మిగల్లేదు. అంత శ్రద్ధగా ఏ కూలివాడూ చేయడు. పని ముగించుకుని, పొదలోకి పోయి, రేపటి విందు తలుచుకుంటూ కూర్చుంది.

తెగిన కొసలు చూసి గంగులు కూలబడ్డాడు. అచ్చమ్మ అప్పుడు అసలు సంగతి చెప్పింది. అతను కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు ముందే చెప్పి ఉంటే ఇంత ఏడ్చేవాణ్ణి కాదు," అన్నాడు.

"అందుకేగా చెప్పంది."

నక్క పొదలో ఎదురుచూస్తూనే ఉంది. ఇక్కడ తీగకి కణుపు కణుపునా పక్కకొమ్మ లేచింది. ఆ కొమ్మలకి పూలొచ్చాయి, ఈసారి పూల వెనక బొటనవేలంత పిందెలు. గంగులు కాపలా అడగలేదు. పిందెల వైపు వీపు పెట్టి కూర్చోవడం తనంతట తనే అలవాటు చేసుకున్నాడు. మొదటి కాయ కోసిన రోజున పిల్లలు తిని, కడుపులు బరువై, ఉన్నచోటే వాలి నిద్రపోయారు. అచ్చమ్మ వాళ్ళని చూస్తూ తను తినడం మరిచిపోయింది.

చివరికి నక్క డొక్క ఎండి కంచె దగ్గరికి వచ్చింది. ఎండుకొమ్మ నిండా సొరకాయలు వేలాడుతున్నాయి.

"ఇదేంటి? కొసలన్నీ తెగిపోయాయి కదా? తల తెగితే చావాలి కదా?"

"తల తెగితే చచ్చేది మనం మామా. సొరతీగ కాదు," అంది అచ్చమ్మ లోపలి నుంచి. "కొత్త కొమ్మలు మళ్ళీ బయటికి వేలాడుతున్నాయి. వచ్చావు గనక అవి కూడా తుంచిపెట్టి పో."

వాలు మీద ఎద్దు నమలడం ఆపి మరీ నవ్వింది. నక్క కొమ్మల వైపు చూసింది, కాయల వైపు చూసింది. ఆ రోజే పొద ఖాళీ చేసి కొండ అవతలికి పోయింది.

నీతి: పని తెలిసినవాళ్ళకి పగవాడి పళ్ళు కూడా పనిముట్లే.