కాకి ముట్టని పిండం

బతికున్న మనిషికి పిండం పెట్టేశారు. జరిగిన తప్పు అదీ. ఒకరో ఇద్దరో తెలియక చేసిన పని కాదు. ఊరంతా తలస్నానం చేసి, ఒడ్డున బారులు తీరి మరీ పెట్టారు.

సముద్రం ఊరికి ఇప్పటికన్నా దూరంగా, చేప ఇప్పటికన్నా దగ్గరగా ఉండే రోజుల్లో, ఇసక మీద ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో ఇనేసు అనే మనిషి ఉండేది.

అది మన వైపు పేరు కాదు. స్పెయిన్ అనే దేశపు ఓడ ఒకటి పగిలి, ఒక తల్లి చంకలో పిల్లతో ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ పిల్లే ఇనేసు. తల్లి ఎక్కువ కాలం బతకలేదు. పోయేముందు పిల్లకు ఒక్క మాట చెప్పింది.

"మా దేశంలో నీ పేరుతో రాణులున్నారు. నీ పేరుతో ఊళ్ళున్నాయి, కొండలున్నాయి. ఆ పేరు పారేసుకోకు."

పారేసుకోడానికి ఆ పిల్ల దగ్గర ఇంకేమీ లేదు కూడా.

ఇనేసు పెద్దదైంది. చేపలు ఎండబెట్టింది, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మింది. ఆ పల్లెలో తాగునీటికి కరువు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఇసకదిబ్బ వెనక మొగలిపొదల పక్కన ఇనేసు చేతుల్తో ఇసక తోడి చెలమ తవ్వింది. నీళ్ళు తియ్యగా ఊరాయి. ఇసక పూడినప్పుడల్లా తోడింది. ఎవరూ తోడమనలేదు. ఎవరూ బాగుందని కూడా అనలేదు.

బంగారి అని ఒక నోటిదురుసు మనిషి ఉండేది. చెలమ దగ్గర కుండ దించి రోజూ అదే పాట.

"ఒలే ఇనేసూ, నీ పేరున ఊళ్ళున్నాయంటగదే! మరి నీకు గుడిసైనా లేదేటే?"

"ఆ ఊళ్ళకి నా సంగతి తెలీదు కదప్పా. తెలిస్తే కబురెట్టేవే," అనేది ఇనేసు, ఇసక తోడుతూనే. అప్ప అంటే ఆ పల్లె మాటల్లో అక్క.

ఒకసారి ఇనేసు ఎండుచేపలు వేసుకుని పడవలో పక్క రేవుకి బయల్దేరింది. గాలివాన పట్టింది. పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి. పడవవాడి శవం వచ్చింది. ఇనేసు రాలేదు.

సముద్రంలో పోయి శవం దొరకని మనిషికి మూడు వానాకాలాలు ఆగాలి. ఆ తర్వాతే పిండం పెట్టాలి. అది పల్లె కట్టుబాటు. వాళ్ళు ఒక్క వానాకాలం కూడా ఆగలేదు. ఎందుకంటే వలలు ఖాళీగా వస్తున్నాయి. బంగారికి పుట్టిన పసిగుడ్డు జ్వరంతో కాలిపోతోంది. పైగా బంగారికి కల వచ్చింది, కలలో ఇనేసు ఆకలి అంది.

"ఆకలిగా ఉన్న శవం ఊరిని తినేస్తాది," అన్నాడు కులపెద్ద దానయ్య. "పెట్టేద్దాం."

పెట్టారు. ఇసక మీద ఆకు పరిచి, ఆకులో పిండం పెట్టి, దూరంగా జరిగారు. కాకి వచ్చింది. ఆకు చుట్టూ నడిచింది. తల వంచి చూసింది. ముట్టలేదు.

కాకి ముట్టలేదంటే పోయిన మనిషికి ఏదో కోరిక ఉండిపోయిందని అర్థం. ఆ మనిషి అసలు పోలేదేమోనన్న ఆలోచన మాత్రం ఒక్క బుర్రకీ తట్టలేదు.

బంగారి పసిపిల్లను ఎత్తి పట్టుకుంది. "ఇనేసప్పా! నా గుంటకి నీ పేరే ఎడతాను. తినేయప్పా!"

కాకి చూసింది. ముట్టలేదు.

దానయ్య చేతులు జోడించాడు. "చెలమకి నీ పేరు ఎడతాం. తినమ్మీ!"

కాకి చూసింది. ముట్టలేదు.

ఊరంతా మోకాళ్ళ మీద పడింది. "రేవుకి నీ పేరు ఎడతాం. తినవే తల్లీ!"

కాకి చూసింది. ఎగిరిపోయింది.

అంతలో ఎక్కడి నుంచో ఊరకుక్క వచ్చి, పిండం రెండు గుటకల్లో మింగి, ఆకు కూడా నాకింది. దానయ్య కుక్క వంక చూశాడు. జనం వంక చూశాడు.

"నల్లగానే ఉంది గదా," అన్నాడు. "కాకి కిందే లెక్క."

ఆ వారంలోనే పిల్లకు జ్వరం దిగింది. జ్వరాలు దిగుతాయి. వలల్లో చేప పడింది. చేపలు పడతాయి. పల్లె మాత్రం అదంతా పేరు మహిమే అనుకుంది. ఇంకో రెండిళ్ళలో ఆడపిల్లలు పుడితే వాళ్ళకీ అదే పేరు పెట్టారు. ముగ్గురు ఇనేసులు, ఒక ఇనేసు చెలమ, ఒక ఇనేసు రేవు.

మూడు ఎండాకాలాలు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం తీరం వెంబడి ఒక మనిషి నడిచి వచ్చింది. ఎముకలు, చర్మం, చేతిలో కర్ర. తిన్నగా చెలమ దగ్గరికి వచ్చింది. అక్కడ బంగారి నీళ్ళు తోడుతోంది.

"బంగారప్పా, గుక్కెడు నీళ్ళు పొయ్యి."

బంగారి చేతిలో కుండ జారి పగిలింది. "ఓలమ్మో! దెయ్యం!"

జనం పరిగెత్తుకొచ్చారు, చూశారు, పదడుగుల దూరంలో ఆగిపోయారు.

"దెయ్యాన్ని కాను," అంది ఇనేసు. "పడవచెక్క పట్టుకుని ఎక్కడో దూరంగా ఒడ్డున పడ్డాను. జొరమొచ్చి మంచాన పడ్డాను. లేచాక దారిపొడుగునా వడ్లు దంచి, గంజి తాగి, నడుచుకుంటూ వచ్చాను. నీళ్ళు పొయ్యండి."

ఎవరూ పొయ్యలేదు. పిండం తిన్న మనిషికి ఊరికుండలో నీళ్ళు పొయ్యరు.

"నీకు పిండం పెట్టేశామమ్మీ," అన్నాడు దానయ్య, నేల చూపులు చూస్తూ.

"నాకా? తిన్నదెవరు?"

"కుక్క."

అప్పుడే బంగారి చీరకుచ్చెళ్ళ చాటు నుంచి ఒక చిన్నపిల్ల తొంగి చూసింది.

"నీ పేరేటే బుల్లీ?"

"ఇనేసు," అంది పిల్ల. చెయ్యి చాపి చూపించింది. "ఇది ఇనేసు చెలమ. అది ఇనేసు రేవు. ఇంకో ఇద్దరు ఇనేసులున్నారు. నీ పేరేటి?"

ఇనేసు ఇసకలో కూలబడింది. తన పేరు ఊరంతా ఉంది. ఊళ్ళో తను లేదు.

దానయ్య ఆచారం చెప్పాడు. పిండం పెట్టిన మనిషి ఊళ్ళోకి రావాలంటే మళ్ళీ పుట్టాలి. బుట్టలో కూర్చోబెట్టి, స్నానం చేయించి, బారసాల చేసి పేరు పెట్టాలి. "పాత పేరే ఎడదాం. కానీ చచ్చిన మనిషి పేరే పిల్లలకి ఎట్టాలి. బతికున్న మనిషి పేరు ఎడితే ఒకరి ఆయుస్సు ఒకరు తినేస్తారు. అందుకని ఈ గుంటలకి పేర్లు తీసేస్తాం."

బంగారి ఇసకలో సాగిలపడింది. "అప్పా! ఆ పేరెట్టాకే దీనికి జొరం దిగింది. తీసేస్తే మళ్ళీ వస్తాది. నిన్ను ఎన్నన్నానో, నన్ను తిట్టు, కొట్టు. పేరు మాత్రం తియ్యకప్పా!"

"నేనే ఇనేసుని!" అని పిల్ల ఏడుపు లంకించుకుంది. "నా పేరు నేనివ్వను!"

ఇనేసు ఆ పిల్లను చాలాసేపు చూసింది. తల్లి ఇచ్చినది ఆ పేరొక్కటే. పారేసుకోకు అంది తల్లి. ఇచ్చెయ్యకు అనలేదు.

కర్ర పట్టుకుని లేచింది.

"నీ పేరు నీదేనే బుల్లీ. ఈరోజు నుంచి ఆ పేరుకి నేను పలకను."

"మరి ఏ పేరెట్టమంటావు? నిన్నేమని పిలవమంటావమ్మీ?" అన్నాడు దానయ్య.

"పేరూ వద్దు, బుట్టా వద్దు. ఈ వయసులో బుట్టలో నేనేం పడతాను! నన్ను పిలవకండి. పనుంటే నేనే వస్తాను."

నాలుగడుగులు పక్కకు వెళ్ళి, ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, చేతుల్తో కొత్త చెలమ తోడుకుంది. నీళ్ళు ఊరాయి. తాగింది.

అన్నమాట నిలబెట్టుకుంది. పురిటినొప్పులు వస్తే వచ్చింది, ఎవరూ పిలవలేదు. గాలివాన వస్తే వచ్చింది, ఎవరూ పిలవలేదు. చెలమలు పూడితే వచ్చింది, రెండూ తోడింది, ఎవరూ పిలవలేదు. మరిచిపోయి ఎవరైనా "ఇనేసూ" అని కేకేస్తే ముగ్గురు పిల్లలు తిరిగి చూసేవారు. ఆమె చూసేది కాదు.

ఆమె పోయాక పిండం పెట్టలేదు. "ఒకసారి అయిందిగా, చాలు" అని తనే చెప్పింది. ఆ తీరంలో ఇప్పటికీ కాకి పిండం ముట్టకపోతే కోరికలు అడగరు. "మనిషి ఉందేమో, వెతకండ్రా" అని పడవలు తోస్తారు. ఒకటి రెండుసార్లు మనుషులు దొరికారని కూడా చెబుతారు. ఇంకా చెప్పేది ఒకటుంది.

ఆమె ఆఖరి రోజున బంగారి కూతురు, అప్పటికి తనూ ఒక తల్లి, పక్కన కూర్చుని చెవిలో చెప్పింది.

"అవ్వా, నా ఆయుస్సుకేం భయం లేదు. ఒక్కసారి నీ పేరు నువ్వు తీసుకో. ఇనేసూ! ఇనేసూ! ఇనేసూ!"

ముసలావిడ కళ్ళు తెరిచింది.

"నిన్నెవరో పిలుస్తున్నారే," అంది. "పో."