స్టీరింగుకి కట్టిన ఎర్ర గుడ్డ

కుసుమకుమారికి నలభై ఐదేళ్ళు. బాగుకాని బండి స్టీరింగుకి ఎర్ర గుడ్డ కట్టందే ఆవిడ షెడ్డులోంచి బయటికి వచ్చేది కాదు. రాజమండ్రిలో ఆవిడ ఇంటి వెనకున్న ఆ రేకుల షెడ్డులో ఏ ఇంజను దగ్గినా, దేనికి దగ్గిందో వంటింట్లోంచే చెప్పగలిగేది. ఆవిడకి ఒకటే లోపం. నలుగురి ముందు మొగుడి మాట కాదనలేకపోయేది.

మొగుడు చక్రధర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పాత కార్లు చవగ్గా కొని, బాగుచేసి, ఆదివారాలు తిప్పుకోవడం ఆయన సరదా అని ఊళ్ళో అందరూ అనుకునేవారు. కొనడం నిజమే. ఎవరి పెరట్లోనైనా టైర్లు భూమిలోకి దిగిపోయిన కారు ఉందని తెలిస్తే చాలు, వెళ్ళి బేరమాడి, లారీ వెనక కట్టించి లాక్కొచ్చేవాడు. తిప్పుకోవడమూ నిజమే. మధ్యలో ఉన్న బాగుచేయడం మాత్రం కుసుమకుమారిది. ఆవిడ తండ్రి నిడదవోలులో లారీల షెడ్డు నడిపేవాడు. అక్షరాలకన్నా ముందు ఆవిడకి స్పానర్ల నంబర్లు వచ్చాయి. పెళ్ళయ్యాక ఆ చేతులు చాలా ఏళ్ళు పిండి రుబ్బాయి.

మొదటి పాత కారు ఇంటికొచ్చిన రోజు చక్రధర్ మూడు గంటల సేపు బానెట్ కింద తల దూర్చి, ఏమీ అంతుపట్టక, ఒళ్ళంతా గ్రీజుతో స్నానానికి వెళ్ళాడు. స్నానం చేసి వచ్చేసరికి ఇంజను తిరుగుతోంది.

"అదే స్టార్టయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయిందండీ" అంది కుసుమకుమారి, చేతులు వెనక్కి పెట్టుకుని.

ఆ ఒక్క జవాబుతో తర్వాతి పదకొండేళ్ళూ కుదిరిపోయాయి. పని ఆవిడది, పేరు ఆయనది. మొగుడి పరువనేది ఇత్తడి బిందె లాంటిది. రోజూ తోమాల్సింది భార్య. మెరిస్తే గొప్ప ఆయనది, నల్లబడితే నింద ఆవిడది. కుసుమకుమారి బాగా తోమేది. కార్లు చూడ్డానికి ఎవరైనా వస్తే కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, గోళ్ళ కింద నలుపు కనబడకుండా కొంగు కప్పుకుని కాఫీలు తెచ్చేది. "ఈ ఇంజను పూర్తిగా విప్పి మళ్ళీ కట్టానండీ, నెల పట్టింది" అని ఆయన చెబుతుంటే, పక్కనే నిలబడి, ఆ నెలలో తన నడుం ఎన్నిసార్లు పట్టేసిందో తనలో తనే లెక్కపెట్టుకునేది.

ఎర్ర గుడ్డ ఆవిడకి తండ్రి దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. నిడదవోలు షెడ్డులో పని పూర్తికాని ప్రతి లారీకీ స్టీరింగు మీద ఒక ఎర్ర పీలిక ఉండేది. అది ఉన్నంతసేపు ఓనరొచ్చి నెత్తి కొట్టుకున్నా బండి కదిలేది కాదు. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి, ఇంకో చెయ్యి ముట్టుకోకూడదు. కుసుమకుమారి తన పాత జాకెట్లు చింపి అదే పద్ధతి పెట్టింది.

ఆ పద్ధతిని ప్రాణంలా చూసుకున్నది కూతురు సుప్రజ. ఇరవై ఏళ్ళ పిల్ల, డిగ్రీ ఆఖరి సంవత్సరం. తల్లి పక్కన కూర్చుని గోదావరి గట్టు మీద డ్రైవింగు నేర్చుకుంది. ఏ కారు ఎక్కబోయినా ముందు స్టీరింగు వైపు చూసేది. "గుడ్డ లేదు. అమ్మ ఒప్పుకుంది" అనేది, అప్పుడు తలుపు తీసేది.

"ఈ బళ్ళు బాగుచేసేది నువ్వని ఎందుకు చెప్పవమ్మా?" అని ఒకసారి అడిగింది.

"బండి నడిస్తే చాలదా? ఎవరు నడిపించారో ఎవరిక్కావాలి?"

"నాక్కావాలి."

"నీకు తెలుసుగా మరి."

"నాకు తెలిస్తే సరిపోదమ్మా. అవతలివాళ్ళకి తెలీకపోతే నీ మాట ఎవరు వింటారు?"

"పెద్ద మాటలు మాట్లాడకు. ఆ పదమూడు నంబరు స్పానరు ఇలా అందించు" అంది కుసుమకుమారి.

ఆ ఏడాది చక్రధర్ కడియం నుంచి ఒక ఆకుపచ్చ కారు తెచ్చాడు. ఎనిమిదేళ్ళుగా అది ఒక నర్సరీలో పూలకుండీలు పెట్టుకునే అరుగుగా పనికొచ్చింది. వెనక సీటులో బోగన్‌విల్లియా వేళ్ళు దిగి ఉన్నాయి. కుసుమకుమారి నాలుగు నెలలు కష్టపడి దానికి ఊపిరి పోసింది. ఇంజను కుదిరింది, గేర్లు కుదిరాయి. బ్రేకులు మాత్రం కుదరలేదు.

పాత కార్ల మీద మోజున్న మరో నలుగురు ఊళ్ళో ఉండేవారు. ఒక ఆదివారం పొద్దున అందరూ తమ కార్లు వరసగా తీసి, గట్టు మీదుగా ధవళేశ్వరం వెళ్ళి ఫొటోలు దిగాలనుకున్నారు. కడియం కారు తెస్తానని చక్రధర్ అందరికీ మాటిచ్చాడు.

ఆ పొద్దున్నే కుసుమకుమారి మొగుడితో చెప్పింది.

"బ్రేకు పెడలు తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతోందండీ. లోపల రబ్బరు పోయింది. కొత్తది బెజవాడ నుంచి మంగళవారానికి వస్తుంది. ఇవాళ తెల్ల కారు తీసుకెళ్ళండి."

"నిన్న గేటు దాకా తీశాను. పట్టిందిగా?"

"మొదటిసారి పడుతుంది. రెండోసారి పడుతుందని నేను చెప్పలేను."

"నలుగురికీ చెప్పేశాను కుసుమా."

"నేను గుడ్డ విప్పలేదు" అంది. అంతకన్నా ఆవిడకి వేరే భాష లేదు.

ఏడు గంటలకి నలుగురూ వచ్చారు. వాళ్ళలో బట్టల కొట్టు వీర్రాజు నోటి దురుసు మనిషి. కడియం కారు చుట్టూ తిరిగి, అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"ఏంటండీ మాస్టారూ, స్టీరింగుకి జాకెట్టు ముక్క కట్టారు? ఇది మా కొట్లో గుడ్డ కాదే. మాదైతే ఇంత తొందరగా రంగు పోదు" అన్నాడు.

అందరూ నవ్వారు. చక్రధర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు కుసుమకుమారికి తెలుసు. తప్పు లెక్క వేసి పిల్లల ముందు దొరికిపోయిన మాస్టారి నవ్వు అది.

"దిష్టికండీ. మా ఆవిడ నమ్మకాలు మీకు తెలీనివా? ఏమోయ్, అంతేనా?"

ఐదుగురు మగవాళ్ళు మెట్ల మీద నిలబడ్డ కుసుమకుమారి వైపు తిరిగారు. ఆవిడ చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసం కాదు. బ్రేకులు బాగులేవు అంటే చాలు. రెండే మాటలు. కానీ ఆ రెండు మాటలూ అంటే మూడో మాట పుడుతుంది: మీకెలా తెలుసండీ? దాని వెనకే పదకొండేళ్ళ బిందె నలుగురి ముందు దొర్లుకుంటూ పోతుంది.

"అవునండీ. దిష్టికే" అంది.

"ఆవిడ దిష్టి తీస్తారు, మీరు బండి తీస్తారు. సంసారమంటే అదీ" అన్నాడు వీర్రాజు.

చక్రధర్ తలుపు తీసి, ముడి విప్పి, గుడ్డని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కుసుమకుమారి టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. మెల్లగా నడుపుతాడులే అనుకుంది. గట్టు మీద ఆదివారం పొద్దున రద్దీ ఏముంటుందిలే అనుకుంది. తెలిసిన ప్రమాదానికి సమాధానం చెప్పుకోవడంలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు. దానికి మాత్రం మనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గ్లాసుల పళ్ళెంతో బయటికొచ్చేసరికి సుప్రజ తల దువ్వుకుంటూ కారు దగ్గరికి వచ్చి ఉంది. "నేనూ వస్తా నాన్నా" అంది. అలవాటుగా స్టీరింగు వైపు చూసింది. గుడ్డ లేదు. తల్లి వైపు చూసి, బాగుచేశావా అన్నట్టు కళ్ళతోనే మెచ్చుకుంటూ నవ్వింది. ముందు సీటులో, ఎడమ పక్క కూర్చుంది.

కుసుమకుమారి నోరు తెరిచింది. వీర్రాజు పళ్ళెంలోంచి గ్లాసు తీసుకుంటూ, "టీ వాసన అదిరిందండీ చెల్లెమ్మా" అన్నాడు. ఇప్పుడే దిష్టి గుడ్డేనని ఒప్పుకున్న నోరు ఇప్పుడే ఎలా మాట మారుస్తుంది? నిమిషం కిందటి అబద్ధానికి మర్యాద చేస్తూ ఆ నోరు ఒకే ఒక్క మాట అంది.

"మెల్లగా వెళ్ళండి."

గట్టు దిగే చోట రోడ్డు ఏటవాలుగా ఉంటుంది. ముందు ఒక అరటిగెలల రిక్షా వెళుతోంది. చక్రధర్ బ్రేకు తొక్కాడు. పట్టింది. మళ్ళీ తొక్కాడు. పెడలు మెత్తటి బురదలో దిగినట్టు నేలదాకా దిగిపోయింది. చేతి బ్రేకు సంగతి ఆయనకి గుర్తు రాలేదు. అసలు అదెక్కడుందో చూసుకునే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. రిక్షాని తప్పించబోయి పక్కకి తిప్పాడు. కల్వర్టు గోడ కారు ఎడమ పక్కని లోపలికి నొక్కేసింది.

చక్రధర్‌కి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. సుప్రజకి ఎడమ కాలు మోకాలి కిందినుంచి తీసేశారు. క్లచ్ తొక్కే కాలు.

ఆస్పత్రి వరండాలో ఎస్సై కాగితం తీశాడు. "బ్రేకులు ఎవరు చూశారండీ?"

పదకొండేళ్ళుగా ఆ ప్రశ్నకి ఒకే జవాబు ఉండేది. ఆ రోజు అది మారింది.

"మా ఆవిడండీ" అన్నాడు చక్రధర్. "సరదాకి బళ్ళలో చెయ్యి పెడుతూ ఉంటుంది. వద్దంటే బాధపడుతుందని ఊరుకునేవాణ్ణి."

ఎస్సై కుసుమకుమారి వైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

"నేనే చూశానండీ. బాగవలేదని పొద్దున్నే చెప్పాను. తియ్యొద్దనే స్టీరింగుకి గుడ్డ కట్టాను. ఆ గుడ్డ ఆయన జేబులోనే ఉంది."

పక్కనే ఉన్న వీర్రాజు తల వంచుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. విన్నది విన్నట్టు చెప్పేవాడు.

"దిష్టికి కట్టానన్నారు కదమ్మా. మేం నలుగురం విన్నాం" అన్నాడు.

ఎస్సై రాసుకున్నాడు. ఒక్క వాక్యంలో కుసుమకుమారి మెకానిక్ అయింది. తర్వాతి వాక్యంలో పని చేతకాని మెకానిక్ అయింది. పదకొండేళ్ళుగా ఎక్కడా పడని ఆవిడ పేరు మొదటిసారి కాగితం మీద పడింది.

మూడో రోజు సుప్రజ మాట్లాడింది. చక్రధర్ అప్పుడు గదిలో లేడు.

"గుడ్డ నువ్వే విప్పావా అమ్మా?"

"లేదే."

"నాన్న విప్పుతుంటే చూశావా?"

"చూశాను."

"నేను ఎక్కుతుంటే?"

కుసుమకుమారి దుప్పటి అంచు సర్దింది. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది.

"మెల్లగా వెళ్ళమన్నానే" అంది.

సుప్రజ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆరు నెలల తర్వాత ఆ పిల్ల పెట్టుడు కాలుతో కాకినాడలో హాస్టల్లో చేరింది. ఇంటికి ఒక్కసారే వచ్చింది, పుస్తకాలు తీసుకెళ్ళడానికి. నడుస్తుంటే మడమ దగ్గర చిన్న కిర్రు వినిపించింది. వంటింట్లో ఉన్న కుసుమకుమారి చెవికి అది ఏ స్క్రూ వదులో తెలిసిపోయింది. చిన్న స్పానరు పట్టుకుని బయటికొచ్చింది.

"ఒక్క నిమిషం కూర్చోవే. బిగిస్తాను."

"వద్దమ్మా. అక్కడ దానికి మనిషి ఉన్నాడు" అంది సుప్రజ. "బాగాలేకపోతే బాగాలేదని మొహం మీదే చెబుతాడు."

కిర్రు చప్పుడు గేటు దాకా వెళ్ళి, రోడ్డు మలుపులో ఆగిపోయింది.

ఆ మర్నాడు కుసుమకుమారి వీర్రాజు కొట్టుకి వెళ్ళింది. పండగ బేరాల రోజు, కొట్టు నిండా జనం. గల్లా పెట్టె ముందు నిలబడి, గోళ్ళ కింది నలుపు దాచుకోకుండా గట్టిగా చెప్పింది. ఆ గుడ్డ దిష్టికి కాదని, బ్రేకులకని, మొగుడి పరువు కోసం అబద్ధమాడానని, ఆయన బాగుచేశానన్న ప్రతి కారూ తన చేతి పనేనని. జనం గుడ్డలు కొలిపించుకోవడం ఆపి విన్నారు. వీర్రాజు కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. "పోన్లెండమ్మా, జరిగిపోయిందేదో జరిగిపోయింది" అన్నాడు. మళ్ళీ కొలతలు మొదలయ్యాయి. పోలీసు కాగితం మారలేదు. కూతురు తిరిగి రాలేదు.

కుసుమకుమారి మళ్ళీ స్పానరు పట్టలేదు. చెప్పాల్సిన నిమిషంలో, ఎవరి పరువో కాపాడటానికి మింగేసిన నిజం, ఆ తర్వాత ఎంత గట్టిగా చెప్పినా ఎవరినీ కాపాడదు.