స్ట్రాబెర్రీ పండూ, బుల్లి చెవులూ

అనగనగా గోదారి ఒడ్డున ఒక ఊళ్ళో వరాలని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉండేది, నీలాగే పడుకోమంటే కథ అడిగేది. వాళ్ళ నాన్న గంగరాజు బట్టలు కుట్టేవాడు. వాళ్ళమ్మ సీతారత్నం కడుపుతో ఉంది. పాపం, వేవిళ్ళు! అన్నం వాసన పడదు, పాలు పడవు. ఏది తిన్నా కక్కేసేది.

ఒకరోజు జామ్ సీసా మీద ఎర్రటి బొమ్మ చూసి, "ఈ స్ట్రాబెర్రీ పండు ఒక్కటి దొరికితే తిందును," అంది అమ్మ. నాన్న సైకిలేసుకుని బజారంతా తిరిగాడు. ఆ పండు ఏ బండి మీదా లేదు.

అప్పుడు పక్కింటి మంగతాయారు మామ్మ నోరు ఊరుకుంటుందా? "కడుపుతో ఉన్నది అడిగింది పెట్టకపోతే, పుట్టే బిడ్డకి చెవి కారుతుందర్రా!" అనేసి చక్కా పోయింది. ఆ మాట వరాలు చెవిన పడింది. ఇంకా పుట్టనైనా పుట్టని తమ్ముడికి చెవులు పాడైపోతాయట! ఎవరితోనూ అనలేదు. దిగులంతా మనసులోనే దాచుకుంది.

ఆ తర్వాత చలికాలం మొదట్లో వీధిలోకి మొక్కలబండి వచ్చింది. వరాలు నాన్న చొక్కా పట్టుకుని లాగి లాగి మూడు స్ట్రాబెర్రీ మొక్కలు కొనిపించింది. నాన్నకి సూదిలో దారం ఎక్కించడం వచ్చు గానీ మొక్క నాటడం రాదు. కూతురికి అదీ రాదు, ఇదీ రాదు.

మొదటి మొక్క నాన్న నాటాడు. పడిపోకుండా నిలబడాలని మెడదాకా మట్టి కప్పి గట్టిగా అదిమాడు. ఆకుల మధ్య మొవ్వు మట్టిలో కూరుకుపోయి, కుళ్ళిపోయింది.

రెండోది వరాలు పెంచింది. ఉప్పేసిన గంజి తాగితే అమ్మకి ఓపిక రావడం చూసింది కదా, మొక్కకీ రోజూ అదే పోసింది. ఉప్పు తగిలితే మొక్క బతుకుతుందా, పిచ్చితల్లి! ఆకులు మాడిపోయాయి.

వరాలు వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు తండ్రీ కూతుళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని బాగా ఆలోచించారు. మూడోదానికి మొవ్వు పైకి ఉంచారు. మంచినీళ్ళే పోశారు. పొద్దుటెండ తగిలేచోట పెట్టారు.

మూడోది బతికింది! తెల్లటి పూలు పూసి, మూడు పచ్చికాయలు కాసింది. ఒకదాన్ని పిట్ట పొడుచుకుపోయింది. ఒకటి మట్టికి ఆనుకుని ఉంటే నత్త తినేసింది. మిగిలింది ఒక్కటే. వరాలు దాని కింద ఎండుగడ్డి పరిచి, పైన టీ వడగట్టే జల్లెడ బోర్లించింది. పాపం, నాన్న అన్నాళ్ళూ టీని గుడ్డముక్కతో వడగట్టుకున్నాడు.

ఆ పండు ఎర్రబడేసరికి అమ్మకి నెలలు నిండొస్తున్నాయి. వేవిళ్ళు పోయి చాలా కాలమైంది. ఆవకాయన్నం కూడా ఇష్టంగా లాగిస్తోంది. వరాలు పండు కోసి, కడిగి, రెండు చేతుల్లో పెట్టుకుని వచ్చింది.

"ఇది నేనెప్పుడడిగానే?" అంది అమ్మ.

అంతే, వరాలు బావురుమంది. "నువ్వడిగావు! తినకపోతే తమ్ముడికి చెవి కారుతుంది! మామ్మ చెప్పింది!"

అమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కూతురి ముఖం చూసి నవ్వు ఆగిపోయింది. ఇంత బెంగ ఇన్నాళ్ళూ ఈ చిన్న ప్రాణం ఒక్కతే మోసిందా అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అది ఉత్తమాటే నా తల్లీ," అంది. అన్నా కూడా, పండు సగం కొరికింది. మిగతా సగం వరాలు నోట్లో పెట్టింది. అబ్బ, ఎంత పులుపో! ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

వరాలుకి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. అమ్మ పొట్టకి నోరు ఆనించి, "ఒరేయ్, పండు పంపించాను. అందిందా?" అని అడిగింది.

లోపల్నుంచి ఫట్టుమని ఒక తన్ను!

"అమ్మా, వాడికి వినపడింది! చెవులు బాగానే ఉన్నాయి!" అంటూ వరాలు ఇల్లంతా గంతులేసింది.

పండేమో అమ్మకి, తన్నేమో అక్కకి,
కథేమో కంచికి, మనమిద్దరం పక్కకి!