నాలుగువందల పదమూడో పాఠం

పెంచలయ్య ఆ నెలలో చెయ్యాల్సిన పనులు రెండు. పందొమ్మిదేళ్లుగా నడుపుతున్న గిటారు పాఠాల వెబ్‌సైటు మూసెయ్యడం ఒకటి. ఆ సంగతి గురువు కొర్నేలీ మాస్టారికి చెప్పడం రెండోది. మొదటిదానికి గడువుంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి పాత సర్వర్లు ఆపేస్తామని హోస్టింగ్ కంపెనీవాళ్లు మూడుసార్లు మెయిలు పంపారు. రెండోదానికి గడువేమీ లేదు కాబట్టి పెంచలయ్య దాన్ని రేపు, ఎల్లుండి అంటూ ఆ శుక్రవారం దాకా లాక్కొచ్చాడు. ఈ విషయంలో అతను మనందరిలాంటివాడే.

ఇంక లాగడానికి రోజులు లేక, ఆ మధ్యాహ్నం నెల్లూరులో పాసింజరెక్కి బిట్రగుంటలో దిగాడు.

మాస్టారు రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఇంజన్ డ్రైవర్లు గిటారు వాయిస్తుంటే కిటికీ బయట నిలబడి, వాళ్ల వేళ్లు చూసి నేర్చుకున్నారు. పెంచలయ్య తనకి పాతికేళ్లప్పుడు, నెల్లూరులో కంప్యూటర్ సెంటర్లో పని చేస్తూ, ఆదివారాలు గిటారు నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చేవాడు. ఆ రోజుల్లోనే ఒకసారి, "మాస్టారూ, ఇంటర్నెట్టులో తెలుగులో గిటారు నేర్పేవాళ్లు నాకొక్కరూ కనపడలేదు" అన్నాడు.

"ఇంగ్లీషులో నేర్పితే వేళ్లు వినవా ఏంది?" అన్నారు మాస్టారు. అన్నారేగాని, పై ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని కెమెరా ముందు కూర్చున్నారు.

అలా మొదలైంది. రెండు వారాలకో పాఠం. ఆదివారం ప్రార్థన అయ్యాక మాస్టారి ముందుగదిలోనే రికార్డింగు. ఇంటి వెనకే పట్టాలు. బండి వచ్చిందంటే మాస్టారు తీగల మీద అరచెయ్యి ఆనించి ఆగిపోయేవారు, పెంచలయ్యా ఊపిరి బిగబట్టేవాడు. బండి పూర్తిగా పోయాకే మళ్లీ అందుకునేవారు. అయినా ముప్పై ఏడో పాఠంలో గూడ్సు కూత ఒకటి దూరిపోయింది. "ఆ కూత ఏ స్వరం మాస్టారూ?" అని ఆదోని నుంచి ఒక హాస్టలు వంటాయన అడిగితే, మాస్టారు నిజంగానే తీగల మీద వెతికి జవాబిచ్చారు.

మొత్తం నాలుగువందల పన్నెండు పాఠాలు. ఒక్క వేలితో ఆరు తీగలూ నొక్కి పట్టాల్సిన ఎఫ్ కార్డు నేర్పిన ఇరవై మూడో పాఠం కిందైతే కామెంట్లలో ఆరువందల ఏడుపులు. వేళ్లు నొప్పులు, తీగ బుస్సుమంటోంది, మా ఆవిడ తిడుతోంది. అన్నిటికీ మాస్టారు చెబుతుంటే పెంచలయ్య టైపు చేసేవాడు.

మొదటి పాఠంలోనే ఒక తప్పు జరిగింది. తీగల్ని శ్రుతి చేసుకోవడం నేర్పే పాఠం అది. ఆరు తీగలకీ ఆరు బొత్తాలు. నొక్కితే ఏ తీగ ఎలా పలకాలో వినిపిస్తుంది. ఆ శబ్దాలన్నీ మాస్టారి గిటారు మీదే రికార్డు చేశారు. ఆ గిటారు లోకం మొత్తం కంటే అర స్వరం కిందికి శ్రుతై ఉందని పెంచలయ్యకి అప్పట్లో తెలియదు. తెలిసేసరికి నూట ఆరు పాఠాలయ్యాయి. మొదటిది దిద్దితే మిగతా నూట అయిదూ తప్పైపోతాయి. దాంతో అలాగే వదిలేశాడు. ఆ సైటులో నేర్చుకున్నవాళ్లందరూ, ఎంతమందో, అర స్వరం కిందే వాయించారు. గుళ్లో హార్మోనియంతో కలవక, పెళ్లిలో కీబోర్డుతో కలవక నవ్వులపాలైనవాళ్లు ఉత్తరాలు రాశారు. పెంచలయ్య ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. మాస్టారిని మాత్రం ఎందుకలా అని అడగలేకపోయాడు.

రెండేళ్ల కింద మాస్టారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. పాఠాలు ఆగాయి. ఈలోగా పాత వీడియోలు కొత్త ఫోన్లలో ఆడటం మానేశాయి. పెంచలయ్య కొన్ని మార్చాడు, కొన్ని మార్చలేకపోయాడు. కిందటి నెల సైటుకి వచ్చినవాళ్లు పదకొండు మంది. అందులో నలుగురు పెంచలయ్యే. ఇంటి కంప్యూటర్లోంచి, ఆఫీసు కంప్యూటర్లోంచి, తన ఫోన్లోంచి, భార్య ఫోన్లోంచి.

ఆ లెక్క తెలిసిన రోజు అతనికి అన్నం సయించలేదు. నా వయసంతా దేంట్లో పోశాను అనిపించింది. అనిపించి ఊరుకోలేదు, అక్కడే తిష్ట వేసింది.

తలుపు మాస్టారి భార్య ఫిలోమినమ్మ తీసింది. "రా నాయనా, పొద్దన్నుంచీ నువ్వొస్తావంటానే ఉండారు" అంది.

"నేనొస్తానని ఎట్టా తెలుసు?"

"మీ సైటు చూస్తానే ఉంటారు గదా ఫోన్లో. మూసేస్తున్నామని పైన ఎర్రగా రాశారంట."

పెంచలయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ ఎర్ర అక్షరాలు పెట్టింది తనే. పదకొండు మందిలో ఒకరు మాస్టారని అతనికి తట్టలేదు.

మాస్టారు మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్లో దిండు మీద ఉంది. పెంచలయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాసేపు ఎండల గురించి, పాసింజరు లేటు గురించి మాట్లాడాడు. మాస్టారు విన్నారు.

"అయ్యిందా?" అన్నారు. మాట కొద్దిగా ముద్దగా వస్తోంది. "ఇంక చెప్పు."

"మూసేస్తన్నారు మాస్టారూ. ఈరోజే. అయిదింటికి."

"పాఠాలు?"

"డిస్కులో ఉండాయి. డిస్కులో ఉంటే మాత్రం ఎవురు చూస్తారు మాస్టారూ. బీరువాలో పెట్టుకోను పనికొస్తాయి." పెంచలయ్య స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "ఒకటి అడుగుదామని వచ్చినా. మొదటి పాఠం ఒక్కటి ఉంచుతా. మా ఇంట్లో పాత కంప్యూటరుంది, దాన్ని ఆపకుండా నడుపుతా. కరెంటు పోతే ఇన్వర్టరు పెడతా. ఒక్క పేజీ మాస్టారూ. ఎవురో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు. దాంట్లో మన తప్పు ఉండిపోయింది గదా, అది కూడా దిద్ది పెడతా."

"ఏం తప్పు?"

ఇన్నేళ్లుగా అడగనిది అప్పుడడిగాడు. "అర స్వరం కింద పెట్టి ఉండారు మాస్టారూ. ఎందుకట్టా?"

మాస్టారు గోడ వైపు గడ్డం ఎత్తి చూపించారు. "గిటారు దించు."

గుడ్డ సంచీలో మేకుకి వేలాడుతోంది గిటారు. పెంచలయ్య జాగ్రత్తగా దించి ఒళ్లో పెట్టుకున్నాడు. తీగలు తుప్పు రంగుకి తిరిగాయి. అలవాటు కొద్దీ ఆరింటి మీదా ఒకసారి బొటనవేలు జార్చాడు.

రెండేళ్లుగా ఎవరూ వాయించని గిటారు సరిగ్గా శ్రుతిలో ఉంది. అదే అర స్వరం కింద, మొదటి పాఠంలో ఎలా పలికిందో అలాగే.

పెంచలయ్య తలెత్తి చూశాడు. మాస్టారు కిటికీలోంచి పట్టాల వైపు చూస్తున్నారు. ఫిలోమినమ్మ టీ గ్లాసులు కింద పెట్టి, "ఆదివారం ఆదివారం నా చేత బిగిపిస్తారు నాయనా" అంది. "ఇంకొంచెం, ఇంకొంచెం అంటా. చెయ్యి వచ్చే రోజుకి అది రెడీగా ఉండాలంట."

ఆ ముక్క విన్నాక పెంచలయ్య టీ ముట్టుకోలేదు.

"మెడ మొదట్లో చూడు" అన్నారు మాస్టారు.

గిటారు మెడ, పెట్టె కలిసే చోట ఒక పగులుంది. ఎప్పుడో వేసిన బంక నల్లగా కనిపిస్తోంది. బంక కింద పగులు మళ్లీ నోరు తెరిచింది. గోరు దూరేంత ఉంది.

"నా దగ్గరికి వచ్చేటప్పటికే ఉండింది. పై శ్రుతికి లాగితే ఇరుగుద్ది. అది మోసేంత వరకే బిగించినా." ఆయన కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. "దిద్దొద్దు."

పెంచలయ్య తలూపాడు.

"ఇప్పుడు వదులు చెయ్యి."

"మాస్టారూ?"

"తీగలురా. వాయించని గిటారుని బిగించి ఉంచకూడదు. నాకు తెలుసు. తెలిసీ రెండేళ్లు ఉంచినా." మాస్టారు ఎడం చేత్తో కుడి చెయ్యిని దిండు మీద సర్దుకున్నారు. "వస్తదనుకున్నా. రాలా."

ఆయన దాన్ని ఎవరైనా ఎండల గురించి చెప్పినట్టే చెప్పారు. ఫిలోమినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పెంచలయ్య అన్నిటికంటే లావు తీగని బిగించే కీ పట్టుకున్నాడు. చెయ్యి తిరగలేదు.

"ఒక్కసారే వదలొద్దు" అన్నారు మాస్టారు. ముద్దమాటే, కాని కెమెరా ముందు కూర్చున్నప్పటి గొంతు అది. "ఒక్కో చుట్టే తిప్పు. తిప్పి, మీటి, విను. మనం ఈ పాఠం చెప్పలేదురా వాళ్లకి. బిగించడమే చెప్పినాం."

పెంచలయ్య తిప్పాడు. మీటాడు. స్వరం జారింది. ఇంకో చుట్టు తిప్పాడు. ఇంకా జారింది. ఆఖరికి అది స్వరం కాకుండా పోయి, చెక్క మీద వట్టి తీగ కొట్టుకున్న చప్పుడైంది. రెండో తీగ, మూడో తీగ. ప్రతిదానికీ మాస్టారు తల పక్కకి వంచి విన్నారు, ఎవరో కొత్త కుర్రాడు పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు. నాలుగోదాని దగ్గర పెంచలయ్య కళ్లు మసకబారాయి. ఏడుస్తున్నానని తెలిసింది, దాచుకోలేదు. అయిదోది కూడా వదులైంది.

సన్న తీగ మిగిలింది.

పెంచలయ్య దాన్ని ఒకసారి మీటాడు. తుప్పు పట్టినా సన్నగా, స్పష్టంగా పలికింది. అది గదిలో కాసేపు నిలిచింది. అతను కీ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇది ఉండనీండి మాస్టారూ. ఈ ఒక్కటి. మీకు దండం పెడతా."

మాస్టారు కోప్పడలేదు. ఎడం చెయ్యి చాపి, గిటారు మెడ మీద ఆ పగులు దగ్గర వేసి ఉంచారు.

"ఒక్క తీగే లాగుతా ఉంటే మెడ వంకరపోద్దిరా, పెంచలా."

గోడ గడియారంలో అయిదు కావడానికి ఇంకా కాస్త టైముంది. పెంచలయ్య కీ తిప్పాడు. మీటి విన్నాడు. మళ్లీ తిప్పాడు. సన్న తీగా వట్టి చప్పుడైంది.

అంతలో వెనక పట్టాల మీద గూడ్సు బండి కూత వేసింది. మాస్టారి ఎడం అరచెయ్యి తీగల మీదికి వచ్చి ఆనింది. పెంచలయ్య ఊపిరి బిగబట్టాడు. కిటికీ ఊచలు అదిరాయి, టీ గ్లాసులు అదిరాయి. బండి పోయేదాకా ఇద్దరూ కదలకుండా అలాగే ఆగారు.

బండి పోయింది. మళ్లీ అందుకోవడానికి ఏమీ లేదు.