పిడి లేని తిరగలి

కొండవాగు ఒడ్డున పురావస్తు శాఖ తరఫున పాత దిబ్బను తవ్విస్తున్న దివాకరానికి చదువుకు లోటు లేదు గానీ ఒక జబ్బు ఉండేది: నేలలో ఏముందో నేల చెప్పకముందే తానే చెప్పేసేవాడు. మొదటి గునపం దిగకముందే "ఇక్కడ రాజభవనం ఉంది" అని పై అధికారులకు ఉత్తరం రాసేశాడు. ఇక రాజుగారు బయటికి రావడమే తరువాయి అన్నట్టు తిరుగుతుండేవాడు.

మూడు వారాలు తవ్వినా రాజు రాలేదు. ఒక రాతి కాలువ, దాని చివర బురద గుంట, గుంటలో నల్లగా నానిన చెక్కలు బయటపడ్డాయి. పక్కనే బండి చక్రమంత గుండ్రాయి, నడుమ చిల్లుతో. "స్తంభం కింది పీఠం" అని తేల్చేశాడు దివాకరం. శనివారంతో తవ్వకం ఆఖరు. ఆ తర్వాత అక్కడ కొత్త సాగునీటి కాలువ తవ్వుతారు. దాచుకోదగ్గదేదైనా దొరికితేనే ఆ కొత్త కాలువను పక్కకు మళ్ళిస్తామన్నారు అధికారులు.

మట్టి ఎత్తే పైడమ్మ ఆ చెక్కల్ని చూసి ఆగిపోయింది. ఆమె తండ్రి నూతులు తవ్వినవాడు.

"బాబూ, ఆటిని పైకి తియ్యకండి. నూతి అడుగున ఏసిన సెక్క తడిగా ఉన్నన్నాల్లూ ఉంతాది. ఎండ తగిలితే పోతాది."

"పుల్లలకు కూడా మర్యాదలేమిటి పైడమ్మా? గుంట శుభ్రం చేయించు, ఫోటోలు తీయాలి" అన్నాడు దివాకరం.

తడి చెక్కను ఎండనివ్వకూడదని ఆయన పుస్తకాల్లోనూ ఉంది. కానీ తాను పుల్లలనుకున్న వాటికి పుస్తకం వర్తిస్తుందని ఆయనకు తోచలేదు. ఏడు చెక్కల్ని లాగించి గట్టు మీద పడేయించాడు. ఎనిమిదోది బురదలో దేనికో బిగుసుకుని ఊడి రాలేదు.

మధ్యాహ్నం ఫోటో కోసం గుండ్రాయిని ఒరగబెట్టారు. పైడమ్మ దాని కింది ముఖాన్ని అరచేత్తో నిమిరింది.

"పీటం గీటం కాదు బాబూ. ఈ గంట్లు సూడండి. ఇది తిరగలి."

దివాకరం నవ్వాడు. "ఇంత తిరగలిని ఎవరు తిప్పుతారే తల్లీ?"

"నానూ అదే ఎతుకుతన్నాను" అంది పైడమ్మ, రాయి అంచు చుట్టూ వేళ్ళు పోనిస్తూ. "పిడికి సిల్లు నేదు. సెయ్యెయ్యడానికి సోటే నేదు. మరి దీన్ని ఎవులు తిప్పినారు?"

దివాకరం తానూ వంగి పిడి చిల్లు కోసం రాయి చుట్టూ వెతికాడు. చెప్పడం మాని వెతకడం, పాపం, ఆయనకు అదే మొదటిసారి.

పైడమ్మ ధ్యాసంతా మిగిలిన చెక్క మీదే ఉంది. అది ఎండిపోతోందని కుండెడు నీళ్ళు తెచ్చి రాతి కాలువ పై కొసన ఒంపింది. నీళ్ళు అటూ ఇటూ పోలేదు. అరిగి నున్నబడ్డ రాతి మీద జారి, వేగం అందుకుని, సూటిగా వెళ్ళి గరిటెలా తొలిచిన చెక్కలో పడ్డాయి. చెక్క కదిలింది. పిసరంతే, కానీ కదిలింది.

అవి పుల్లలు కావనీ, నీటి తోపుకు తిరిగి పైనున్న తిరగలిని తిప్పే చక్రపు రెక్కలనీ దివాకరానికి అప్పుడు తెలిసింది. ఆ పొరలో దొరికిన కుండపెంకులు పన్నెండు వందల ఏళ్ళ నాటివి. అన్నేళ్ళ కిందట, ఎవరో తల్లుల చేతుల కాయలు చూడలేక, ఈ వాగుకే పిండి విసరడం నేర్పారు! ఇంతకాలం మట్టిలో పూడి ఉన్నా ఆ దారి చెడలేదు. రాజు లేకపోతేనేం, ఇంతటి బుర్ర గలవాళ్ళు ఇక్కడ తిరిగారని మురిసిపోతూ ఆయన తానే మరో కుండెడు నీళ్ళు తెచ్చి ఒంపాడు.

అంతలో గట్టు గుర్తొచ్చింది. ఒక్క పరుగున ఎక్కి చూస్తే, ఏడు రెక్కలూ ఎండకు నెర్రెలు విచ్చి ఉన్నాయి. చేత్తో ఎత్తబోతే పెళ్ళలుగా రాలిపోయాయి.

"మరేటీ సెయ్యలేం బాబూ" అంది పైడమ్మ మెల్లగా. దివాకరం కళ్ళు తుడుచుకున్నాడు.

సాగునీటి కాలువను పక్కకు మళ్ళించారు. ఎనిమిదో రెక్కను నీళ్ళ తొట్టెలో పెట్టి మ్యూజియంలో ఉంచారు. దాని కింద దివాకరం తన చేత్తోనే రాసిన చీటీ ఉంది: "నీటి తిరగలి రెక్క, ఎనిమిదింట ఒకటి. ఇది తిరగలి అని పోల్చినది పైడమ్మ. మిగతా ఏడూ పోగొట్టినది నేను."

చూడకముందే తీర్పు చెప్పేవాడు, కళ్ళెదుట ఉన్న అద్భుతాన్ని తన చేతులతో తానే పారేసుకుంటాడు.