హంపీ రథం ముందు నిలబడ్డ మనిషి

లింగోజీ మాస్టారు వేసే రైల్వే పోస్టర్లలో ఎంత పెద్ద కోటైనా సరే, దాని ముందు వేలెడంత మనిషి బొమ్మ ఒకటి ఉండేది. అది ఎప్పుడూ కోటవైపే మొహం పెట్టి, మనకు వీపు చూపించేది. ఎందుకలా అని శిష్యుడు ఓబులేశు ఒకనాడు అడిగాడు. అడగడానికి అతనికి కారణముంది.

ఓబులేశు బొమ్మలు వేయడం తనంతట తానే నేర్చుకున్నాడు. ఆ సంగతి అతను చెప్పకముందే చూసినవాళ్లు గ్రహించేవారు. తన ఏనుగుల్ని చూసి పిల్లలు పందులనుకుంటారని అతనే చెప్పి నవ్వేవాడు. అలాంటిది, ఈసారి హంపీ రాతిరథం పోస్టరులో, రథానికి వీపు పెట్టి మనవైపు నవ్వుతున్న ఆడమనిషి మొహం అచ్చుగుద్దినట్టు కుదిరింది. ఆమె అతని భార్య నరసక్క. కిందటేడు పోయింది. వాళ్లుండే గుంతకల్లుకు హంపీ ఎంత దూరం కనుక! దేశమంతటినీ హంపీకి రండి రండని పిలవడం ఓబులేశు ఉద్యోగం. బతికున్నన్నాళ్లూ ఆ రథం చూపించమన్న పెళ్లానికి మాత్రం, వచ్చే నెల చూద్దాంలే అనేవాడు.

తెల్లారితే పోస్టరు అచ్చుకు వెళ్లాలి. మాస్టారు బొమ్మ చూసి, మనిషిని అటు తిప్పమన్నారు. తిప్పితే ఆ మొహం పోతుంది. మళ్లీ ఎప్పుడైనా వేద్దామంటే, తన చేతి మీద తనకే నమ్మకం లేదు. అందుకే ఆ ప్రశ్న.

మాస్టారు అతన్ని మిద్దె మీదికి తీసుకెళ్లి, పడమటికి వీపు పెట్టించి కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చున్నారు. పొద్దు గుంకుతోంది. ఏదో రైలు కదిలిన చప్పుడైంది. ఇంజను పొగ బంగారు రంగు తిరిగి గోపురాల్లా లేస్తోందన్నారు. దూరాన కొండలు నీళ్లలో చక్కెరలా కరిగిపోతున్నాయన్నారు. తర్వాత అలాగే చూస్తూ ఉండిపోయారు. ముసలాయన మొహం మీద ఆ వెలుగు నారింజ నుంచి ఊదాకు మారడం తప్ప ఓబులేశుకు ఇంకేమీ కనిపించడం లేదు. అంత అందమూ తన వెనకే ఉంది. వీపుకు వెచ్చగా తగులుతోంది. ఎవరి కలకో తాను గుమ్మం బయట కూర్చున్నట్టుంది. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"మాస్టారూ, ఒక్కసారి అటు తిరిగేదా?"

"నన్నడుగుతావేమిరా," అన్నారు మాస్టారు, చూపు మరల్చకుండానే. "పొద్దున్నుంచీ బొమ్మలో ఆయమ్మ కూడా నిన్ను అదే అడుగుతోంది."