దిగు, నడు అన్న ఎర్రయ్యమ్మ

రోడ్లు పడని రోజులు. కొండదారులన్నీ మనుషుల కాళ్ళ కిందే పడిన రోజులు. అప్పుడు, అనగా అనగా, నీలంపేట అని ఒక ఊరు. ఆ ఊరికి ఒక దొర. పేరు సూరపరాజు.

సూరపరాజు నేల మీద కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. మంచం దిగితే కుర్చీ, కుర్చీ దిగితే పల్లకి. పొద్దున్న నేతిలో వేగిన గారెలు, మధ్యాహ్నం పనసకాయ కూరతో పెద్ద భోజనం, సాయంత్రం పళ్ళెం నిండా బూరెలు. తినేవాడు, పల్లకి ఎక్కేవాడు, ఊళ్ళు తిరిగేవాడు. మొదట్లో ఆ పల్లకిని నలుగురు మోసేవారు. తర్వాత ఆరుగురయ్యారు. ఆ తర్వాత ఎనిమిది మందయ్యారు.

ఆ ఎనిమిది మందిలో అందరికంటే ముందు భుజం పెట్టేవాడు గవరయ్య. అతని పెళ్ళాం ఎర్రయ్యమ్మ. ఊరికి కోసెడు దూరంలో పాములమెట్ట ఉంది. ఆమె రోజూ పొద్దున్నే ఆ మెట్ట ఎక్కి కట్టెలు కొట్టేది, మోపు కట్టేది, నెత్తిన పెట్టుకుని దిగి వచ్చి ఊళ్ళో అమ్మేది. చిన్న మనిషి. గొంతు మాత్రం పెద్దది.

ఒక ఎండాకాలం దొర పాములమెట్ట దాటి అవతలి ఊరికి పెళ్ళికి బయలుదేరాడు. దారి నిటారుగా ఉంది. రాళ్ళు కాలుతున్నాయి. మెట్ట సగానికి వచ్చేసరికి గవరయ్యకి కళ్ళు తిరిగాయి.

"బాబూ, ఈ ఒక్క మలుపూ దిగి నడవండి. మా వల్ల కావట్లేదు" అన్నాడు.

"నేను నడిస్తే ఇక మీరెందుకురా?" అన్నాడు దొర.

రెండో మలుపు వచ్చింది. "బాబూ, పది అడుగులు నడవండి, చాలు" అన్నాడు గవరయ్య. దొర తెర వేసుకున్నాడు.

మూడో మలుపులో గవరయ్య అడుగు ఆగిపోయింది. మోకాళ్ళ మీద పడ్డాడు. నోటి వెంట నెత్తురు వచ్చింది. అంతే, మళ్ళీ లేవలేదు.

దొర తెర తీసి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "పల్లకి విరిగిందా?"

ఎర్రయ్యమ్మ ఇంటికి దివాణం నుంచి ఒక బస్తా బియ్యం, ఒక చీర వచ్చాయి. ఆమె చీరని వీధిలోకి విసిరేసింది. బియ్యం బస్తా కోళ్ళకి విప్పేసింది. ఏడవలేదు. ఏడ్చేంత చోటు లేకుండా ఆమె కడుపు నిండా కోపమే ఉంది. పదకొండో రోజు దాటగానే దివాణం మనిషి మళ్ళీ వచ్చాడు. గవరయ్య చోటులోకి ఆమె తమ్ముడు సింహాద్రిని రమ్మన్నాడు. సింహాద్రికి పెళ్ళయి ఇంకా నెల కాలేదు.

"వద్దురా" అంది ఎర్రయ్యమ్మ.

"వెళ్ళకపోతే ఊళ్ళో ఉండనివ్వరక్కా" అన్నాడు సింహాద్రి. వెళ్ళి భుజం పెట్టాడు.

ఆ ఏడాదే దొరకి జబ్బు చేసింది. కాళ్ళు వాచాయి. నాలుగు మాటలాడితే ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడదు. వైద్యుడు రామాచారిని పిలిపించారు. ఆయన నాడి పట్టుకుని చూశాడు, పొట్ట తట్టి చూశాడు.

"మందు లేదు బాబూ. ఒళ్ళు తగ్గాలి. రోజూ పొద్దున్నే పాములమెట్ట దాకా నడిచి వెళ్ళి, నడిచి రావాలి. తిండి సగం చెయ్యాలి. లేకపోతే వచ్చే ఏడు ఈ వేళకి తమరుండరు."

దొరకి భయం వేసింది. కానీ నడవాలంటే అంతకంటే భయం వేసింది. ఏం చేశాడంటే, మంచం మీద పడుకుని ఇద్దరు పనివాళ్ళని పిలిచి, చెరో కాలూ పట్టుకుని ఆడించమన్నాడు. "ఇదీ నడకే" అన్నాడు. నెల గడిచింది. పనివాళ్ళ చేతులు వాచాయి. దొర ఒళ్ళు తగ్గలేదు.

తర్వాత తన పేరు చెప్పి నడవమని వంటవాణ్ణి పంపాడు. "నా బదులు పూజారి పూజ చెయ్యట్లేదా? నా బదులు వంటవాడు నడుస్తాడు" అన్నాడు. ఇంకో నెల గడిచింది. వంటవాడు సన్నబడ్డాడు. దొర ఒళ్ళు తగ్గలేదు.

మూడోసారి, కొండగాలి తగిలితే చాలని చెప్పి, రోజూ పొద్దున్నే పల్లకిలో పాములమెట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండానే ఆ దారిలో ఎర్రయ్యమ్మ ఎదురైంది. నెత్తిన కట్టెల మోపు ఉంది. గవరయ్య పడిన మలుపే అది. పల్లకి ముందు సింహాద్రి వస్తున్నాడు. వాడు బరువుకి ఒంగిపోయి ఉన్నాడు. పెదవి మీద నెత్తురు కనిపించింది. పళ్ళతో కొరుక్కుంటే వచ్చిన నెత్తురే, కానీ ఆమెకి అది తెలియదు.

మోపు దబ్బున కింద పడేసింది. దారికి అడ్డంగా నిలబడింది.

"దించండి!"

బోయీలు ఆమెని చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పల్లకి దించారు. దొర తెర తీశాడు.

"దిగు" అంది ఎర్రయ్యమ్మ. "దిగు. నడు."

అప్పటి దాకా ఆయన్ని ఎవరూ నువ్వు అనలేదు. కన్నతండ్రి కూడా బాబూ అనే పిలిచేవాడు. దొర మొహం కందగడ్డలా అయింది.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? ఒరేయ్, దీన్ని లోయలోకి తొయ్యండిరా!"

ఎనిమిది మందిలో ఒక్కడూ ఆమె వైపు కదల్లేదు. సింహాద్రి వంగి దొర చెయ్యి పట్టుకున్నాడు, పల్లకిలోంచి బయటికి లాగి నేల మీద నిలబెట్టాడు. తర్వాత ఎనిమిది మందీ వట్టి పల్లకిని ఎత్తారు. మెట్ట దిగి ఊళ్ళోకి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు.

కొండ మీద ఇద్దరే మిగిలారు.

దొర అరిచాడు. తిట్టాడు. రాయి మీద కూలబడ్డాడు. ఎర్రయ్యమ్మ వెనక నిలబడింది.

"లే. నడు."

"నీ గుడిసె తగలబెట్టిస్తాను!"

"తగలబెట్టు. తగలబెట్టడానికైనా ఇంటికి చేరాలిగా. నడు."

ఆ కోపంతో దొర పది అడుగులు వేశాడు. మళ్ళీ కూర్చున్నాడు. "నీ తోలు వలిపిస్తాను!" అన్నాడు. "వలిపించు. ముందు నడు" అంది ఆమె. ఇంకో పది అడుగులు పడ్డాయి. అలా పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా తిట్టుకుంటూ, కూలబడుతూ, లేస్తూ కోసెడు దూరం నడిచి దొర ఇల్లు చేరాడు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

అన్నంత పనీ చేశాడు. మనుషుల్ని పంపి ఆమె గుడిసె తగలబెట్టించాడు. ఎర్రయ్యమ్మ తమ్ముడి ఇంట్లో తలదాచుకుంది.

మర్నాడు దొర బోయీల్ని పిలిచాడు. రాలేదు. తూర్పు ఊళ్ళ వాళ్ళకి కబురు పెట్టాడు. రాలేదు. పడమటి ఊళ్ళ వాళ్ళకి పెట్టాడు. రాలేదు. గవరయ్య సంగతి, కాలిన గుడిసె సంగతి అప్పటికే కొండలన్నీ దాటి వెళ్ళాయి. దివాణం గుమ్మం ముందు ఎర్రయ్యమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక బోయీల పెళ్ళాలందరూ ఉన్నారు.

"ఇల్లు కాల్చేశావు. నాకిక పోయేదేటీ లేదు. దిగు. నడు."

దొర రామాచారి వైపు చూశాడు. "ఆమె చెప్పేదే నేనూ చెప్పాను. నేను దండం పెట్టి చెప్పాను, అంతే తేడా" అన్నాడు వైద్యుడు.

దొర గుమ్మం దిగాడు.

మొదటి నెల ఇద్దరూ దారి పొడుగునా తిట్టుకున్నారు. రెండో నెల దొరకి తిట్టడానికి సరిపడా ఊపిరి వచ్చింది గానీ తిట్లు తగ్గాయి. కాళ్ళ వాపు తీసింది. పంచె కట్టు వదులైంది. మూడో నెల ఒక పొద్దున్న ఆయన ఎక్కడా ఆగకుండా పాములమెట్ట ఎక్కేశాడు. పైన నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎర్రయ్యమ్మా, నన్ను బతికించావు. ఏం కావాలో కోరుకో."

ఎర్రయ్యమ్మ కిందకి, ఆ మలుపు వైపు చూపించింది.

"అక్కడ నా మొగుడు పడ్డాడు. ఆణ్ణి తెచ్చియ్యి."

దొర చేతులు జోడించాడు.

"నిన్ను బతికించాలని నడిపించానేటి? నువ్వు బతికితే ఎంత, చస్తే ఎంత! నిన్ను మోస్తూ ఇంకొకడు చావకూడదు. అందుకు నడిపించాను. తప్పు ఒప్పుకున్నానని అనకు. నేను వినను. పద, ఎండెక్కుతోంది."

దొర ఆమెకి ఇల్లు కట్టిస్తానన్నాడు. వద్దంది. పొలం రాసిస్తానన్నాడు. వద్దంది. ఆమె ఎప్పటికీ ఆయన్ని క్షమించలేదు. ఒక్క రోజు కూడా ఆయన్ని నడిపించడం మానలేదు. వాళ్ళని చూసి రామాచారి తన దగ్గరికొచ్చే రోగుల్ని ఆ దారికే పంపాడు. ఒళ్ళు బరువైన షావుకారు వచ్చాడు, కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన కరణం వచ్చాడు, ఆయాసంతో పురోహితుడు వచ్చాడు. అందరికీ ఎర్రయ్యమ్మది ఒకటే మాట, ఒకటే గొంతు. "కూకున్నావేటి? లే. నడు."

చాలా ఏళ్ళకి, ఒక వానాకాలంలో ఎర్రయ్యమ్మ జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. దొర ఆమె పేరు మీద ఆ మలుపులో రాతి మండపం కట్టిస్తానన్నాడు.

సింహాద్రి ఒప్పుకోలేదు. "మండపం కడితే జనం అందులో కూకుంటారు. మా అక్క ఊరుకోదు" అన్నాడు.

అందుకే ఆ మెట్ట మీద ఎర్రయ్యమ్మకి గుడి లేదు, రాయి లేదు, దీపం లేదు. ఒక కట్టుబాటు మాత్రం ఉంది. పొద్దున్న పూట ఆ దారిలో నడిచేవాళ్ళు ఎవరినీ మీరు అనరు. బాబూ అనరు, అయ్యా అనరు. అత్త కోడల్ని నువ్వు అంటుంది, కోడలూ అత్తని నువ్వు అంటుంది. ఊళ్ళోకి వచ్చాక ఎవరి మర్యాద వాళ్ళది. ఆ దారిలో ఎవరైనా పొరపాటున మీరు అంటే, వెనక్కి వెళ్ళి ఊరి దగ్గర నుంచి మళ్ళీ నడవాలి.

మొన్నామధ్య ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఒళ్ళు తగ్గకపోతే గుండెకి మంచిది కాదని డాక్టరు చెప్పాడట. మొదటి మలుపుకే చెమటలు కక్కి రాయి మీద కూర్చున్నాడు. పాల బిందె నెత్తిన పెట్టుకుని దిగుతున్న ఒక ముసలమ్మ ఆయన ముందు ఆగింది.

"కూకున్నావేటి? లే. నడు."

ఆఫీసరుకి మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఆమె కళ్ళు చూశాడు. లేచి నడిచాడు.